యాక్సిల్ షాఫ్టులు మళ్లీ ఎక్కించిన రోజు

పొద్దున షెడ్డు తలుపు తీయగానే, రాత్రి లాక్కొచ్చిన లారీ వెనక చక్రాల దగ్గరికే వెళ్లాను. యాక్సిల్ షాఫ్టులు, అంటే చక్రాలను తిప్పే కడ్డీలు, బయటికి తీశాక చక్రాల నడిమి హబ్బుల మూతులకు నేను బిగించి కట్టిన ప్లాస్టిక్ షీటు, గుడ్డ చెక్కుచెదరలేదు. లోపలికి దుమ్ము పోలేదని తెలిశాకే ప్రాణం కుదుటపడింది.

రాత్రి డ్రైవరన్నది ఒకటే తొందర. "న్యూట్రల్లోనే ఉంది కదా తమ్ముడూ, ఇలాగే లాగెయ్" అన్నాడు. చీకట్లో, రోడ్డు పక్కన, వైపుకు 8 చొప్పున 16 నట్లు విప్పి ఆ షాఫ్టులు లాగాలంటే ఎవరికైనా కష్టమే. కానీ ముందు భాగం పైకెత్తి లాగితే వెనక చక్రాలు నేల మీద దొర్లుతాయి. షాఫ్టులు లోపలే ఉంటే వాటితో పాటు డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్లు), దాన్ని గేరుబాక్సుకు కలిపే ప్రొపెల్లర్ షాఫ్టు, గేరుబాక్సులో మెయిన్ షాఫ్టు దాకా అన్నీ తిరుగుతాయి. ఇంజను ఆగి ఉంటే న్యూట్రల్లో కింది కౌంటర్ షాఫ్టు కదలదు. ఆయిల్ ఎగజిమ్మేది అదే. ఇక పై బేరింగులకు చుక్క అందదు, మాడిపోతాయి. చెడింది ఇంజనైతే, బాగున్న గేరుబాక్సును మన చేతులతో మనమే చంపుకున్నట్టు. ఇదంతా చెప్పాక అన్న ఇంకో మాట అనకుండా టార్చి పట్టుకున్నాడు.

గాలి ఒత్తిడి ఉంటేనే వదిలే స్ప్రింగు బ్రేకులు, గాలి లేక పట్టేసి ఉన్నాయి. చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టి, బోల్టుతో స్ప్రింగులు వెనక్కి లాగాకే పని మొదలుపెట్టాను. నట్లు ఊడాయి గానీ వాటి కింద స్టడ్డులకు తొడిగే కోన్లు (ఒకవైపు సన్నబడే ఉంగరాలు) బిగుసుకుపోయాయి. ఇత్తడి సుత్తితో, షాఫ్టు చివర పళ్లెంలా ఉండే ఫ్లాంజి నడిమధ్యన దెబ్బలు వేస్తే ఒక్కొక్కటీ వదిలింది. ఉలి దూర్చి తెరవడం నాకు అస్సలు నచ్చదు. అక్కడ గాటు పడితే ఆ సందులోంచి ఆయిల్ కారుతూనే ఉంటుంది. షాఫ్టు మొత్తం బయటికి లాగేసినా చక్రం కదలకుండా నిలబడింది. బరువంతా హౌసింగు (ఇరుసు బయటి గొట్టం) మీదున్న హబ్బు బేరింగులదే, షాఫ్టు పని తిప్పడమే. ఎన్నిసార్లు చూసినా ఈ అమరికకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇంజనులో డీజిల్ పైపు దగ్గర గాలి లాగుతోంది, అది త్వరగానే తేలింది. మిగతా రోజంతా షాఫ్టులదే. ఏది ఎటువైపుదో రాత్రే సుద్దతో రాసిపెట్టాను. రెండింటి పొడవూ ఒకటే అవ్వాలని లేదు. పాత ప్యాకింగు గోకేసి, ఫ్లాంజి అంచంతా గోటితో తడిమి చూశాను. ఒకచోట ఆవగింజంత ముక్క మిగిలింది, అదీ తీసేశాను.

కుడిది ఇట్టే కూర్చుంది. ఎడమది చివరి రెండంగుళాల దగ్గర మొరాయించింది. సుత్తి ముట్టుకోలేదు. సీలుకు గీసుకోకుండా షాఫ్టును ఎత్తిపట్టి, వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతుంటే లోపల పళ్లు పళ్లలోకి దిగిన కదలిక అరచేతికి తెలిసింది. జాకీ మీదున్న చక్రాన్ని కాస్త తిప్పితే స్టడ్డులు రంధ్రాలకు ఎదురొచ్చాయి. కొత్త ప్యాకింగు, కోన్లు, వాషర్లు వేసి, నట్లు ఎదురెదురుగా, మాన్యువల్లో ఉన్న టార్కుకు బిగించాను.

హౌసింగులో ఆయిల్ ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకా పోశాను. గాలి నిండాక స్ప్రింగు బోల్టులు తీసేశాను. అన్న లారీని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. హబ్బుల్లోకి కొంత దిగి ఆయిల్ మట్టం తగ్గింది, మళ్లీ కలిపాను. ఫ్లాంజి చుట్టూ కాగితంతో తుడిచాను. రెండు వైపులా కాగితం పొడిగానే వచ్చింది. అన్న ఆ రెండు కాగితాలూ అడిగి తీసుకుని, వెలుతురులో తిప్పి తిప్పి చూసుకున్నాడు.