నిర్వృత్తం నః ప్రయోజనమ్

ఎవరైనా పోయినప్పుడు పరామర్శకు వచ్చిన పెద్దలు 'మరణాంతాని వైరాణి' అనడం, చుట్టూ ఉన్నవారు తలలూపడం మనకు అలవాటే. ఆ పాదంలో మిగిలిన సగాన్ని మాత్రం ఎవరూ పలకరు. రావణుడికి అంత్యక్రియలు చేయడానికి వెనుకాడుతున్న విభీషణుడితో, పగలు చావుతోనే సరి, మన ప్రయోజనం నెరవేరింది, ఇక ఇతడికి సంస్కారం చేయమంటూ రాముడు అన్న మాట ఇది:

మరణాంతాని వైరాణి నిర్వృత్తం నః ప్రయోజనమ్
క్రియతామస్య సంస్కారో మమాప్యేష యథా తవ

విజయదశమి నాడు మా పేటలోని గుడి మండపంలో ఉపన్యసించిన ఒకాయన, సంకల్పబలం ఉన్నవాడిదే గెలుపని, రాముడు గెలిచింది కూడా అందువల్లనేనని గంటసేపు చెప్పారు. వింటున్నంతసేపూ నా మనసు చివుక్కుమంటూనే ఉంది. సంకల్పబలమే యుద్ధాన్ని గెలిపించేదైతే గెలవవలసినవాడు రావణుడు. వెయ్యేళ్లకొక తల చొప్పున తొమ్మిది తలలు అగ్నికి ఆహుతి చేసి, పదో తల కూడా తెగవేయబోతూ బ్రహ్మను రప్పించుకున్నవాడికి పట్టుదల తక్కువా? తల్లివైపు తాత వరసైన మాల్యవంతుడు సంధి చేసుకోమంటే 'ద్విధా భజ్యేయమప్యేవం న నమేయం తు కస్యచిత్', రెండుగా విరిగిపోతాను గాని ఎవరికీ వంగను, అన్నాడు. ఇది తనకు పుట్టుకతో వచ్చిన దోషమని ఆ వెంటనే తానే ఒప్పుకున్నాడు. రావణుడే దోషమన్నదానిని మనం సద్గుణమని పిల్లలకు నేర్పుతున్నాం.

రోజూ ఆదిత్యహృదయం చదివేవాళ్లం, 'తతో యుద్ధపరిశ్రాంతం' అన్న మొదటి మాట దగ్గర ఒక్క క్షణమైనా ఆగుతున్నామా? అక్కడ నిలుచున్నది అలసిపోయి, చింతలో పడిన రాముడు. లక్ష్మణుడు పడిపోయినప్పుడైతే ఇక ఈ యుద్ధంతో నాకేం పని అని విలపించాడు. మనసు అంతగా కుంగినా ప్రయోజనం చెదరలేదు, ఎందుకంటే దానికి మొదటినుంచీ ఒక హద్దు ఉంది. సీతమ్మను తెచ్చుకోవాలి, అపహరించినవాడిని దండించి లంకను విభీషణుడికి అప్పగించాలి, అంతే. వారధికి ఒక్క రాయైనా పడకముందే లక్ష్మణుడి చేత సముద్రజలం తెప్పించి విభీషణుడికి పట్టాభిషేకం చేయించాడంటే, లంక తనకు అక్కరలేదని యుద్ధానికి ముందే తేల్చుకున్నాడన్నమాట. తెల్లవారుజామున మా విశాఖ ఆర్కే బీచ్‌లో నడుస్తున్నప్పుడు అల వచ్చి పాదాలు తడిపితే నాకు ఆ అభిషేకమే గుర్తుకు వస్తుంది. లంకను ముట్టడించిన తరువాత కూడా అంగదుడిని పంపి, సీతను అప్పగించి శరణు కోరితే చాలునని చెప్పించాడు.

మరి రావణుడు కోరినదేమిటి? సీత మనసు. రామలక్ష్మణులిద్దరినీ చంపి గెలిచినా అది అతడికి దక్కేది కాదు. మాయాశిరస్సు చూపించి రాముడు చనిపోయాడని నమ్మించినప్పుడు సైతం ఆ తల్లి, నన్ను కూడా చంపి ఆయన దగ్గరకు చేర్చమన్నదే గాని లొంగలేదు. ఏ యుద్ధమూ సంపాదించి పెట్టలేని దాని కోసం అతడు తమ్ముడిని, కొడుకులను యుద్ధభూమికి పంపాడు. సంకల్పం గట్టిపడినకొద్దీ లంకలో విధవలు పెరిగారు.

మన తీరంలో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా నిలిపిన విక్టరీ ఎట్ సీ స్మారకం ముందు కూడా నాకు ఈ పాదమే తోస్తుంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడుమ రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖకు దగ్గరలోనే మునిగిపోయింది. అదే నెల 16న ఢాకాలో శత్రుసేన లొంగిపోయింది, మరునాడే పశ్చిమాన కూడా మనవైపు నుంచి కాల్పుల విరమణ. బందీలుగా చిక్కిన సుమారు 93,000 మందిని తరువాత వాళ్ల దేశానికి పంపివేశారు. ఇంకా ముందుకు వెళ్లవలసిందని బాధపడే మిత్రులు నాకు ఇప్పటికీ ఉన్నారు. నిర్వృత్తం నః ప్రయోజనమ్ అన్నదే వారికి నా జవాబు.

ఇంతగా చెప్పడానికి నాకూ ఒక కారణం ఉంది. మా ఇంటికీ మా పినతండ్రి కొడుకు ఇంటికీ నడుమ ప్రహరీగోడ జానెడు ఇవతలికి జరిగిందని పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరిగాను. వాయిదా ఉన్న ప్రతిసారీ సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని మరీ వెళ్లేవాణ్ని. గెలిస్తే ఆ జానెడులో ఏం చేసుకుంటానో ఒక్కనాడూ ఆలోచించలేదు, అక్కడ తులసికోట కూడా పట్టదు. ఆ తమ్ముడు పోయిన రోజున ఎవరో అలవాటుగా 'మరణాంతాని వైరాణి' అన్నారు. మిగిలిన సగం నా గొంతులో అడ్డుపడింది. ఏ ప్రయోజనం నెరవేరిందని పలకను?

అందుకే అడుగుతున్నాను. వచ్చే దసరాకు జమ్మిచెట్టు కింద 'శమీ శత్రువినాశినీ' అని కాగితం మీద రాసేటప్పుడు, మీకు కావలసినదేమిటో, అది దక్కాక ఎక్కడ ఆగుతారో ఆ చెట్టు సాక్షిగా ఒక్కసారి మనసులో అనుకోండి, నాయనా.

ఆ రోజు తమ్ముడి కొడుకు నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తుంటే పాడెకు ఒక కొమ్ము నేను పట్టాను. మమాప్యేష యథా తవ, ఇతడు నీకెంతో నాకూ అంతే, అన్న మాట శ్మశానం చేరేదాకా నా పెదవుల మీద ఆడుతూనే ఉంది.