ములాఖత్ క్యూలో ప్రశ్నావళి

1971లో పారిస్‌లోని లా సాంతే జైలు గేటు బయట, ములాఖత్ కోసం వరసలో నిలబడ్డ ఖైదీల కుటుంబాలకు కొందరు ఒక ప్రశ్నావళి పంచేవారు. వాళ్లలో ఫ్రెంచ్ తత్వవేత్త మిషెల్ ఫూకో ఒకరు. పారిస్‌లోని పేరున్న విద్యాసంస్థ కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యుడిగా ఆయన తొలి ఉపన్యాసం ఇచ్చి అప్పటికి కొద్ది నెలలే.

జైల్లో ఉన్న మావోయిస్టు యువకులు రాజకీయ ఖైదీల హోదా కోసం నిరాహారదీక్షకు దిగారు. ఆ దీక్ష ముగిసిన సందర్భంలో, ఫిబ్రవరి 8న, ఫూకో, చరిత్రకారుడు విదాల్ నాకే, ‘ఎస్ప్రీ’ పత్రిక సంపాదకుడు దొమెనాక్ కలిసి జైళ్ల సమాచార బృందాన్ని ప్రకటించారు. ముందు అనుకున్నది విచారణ సంఘం. ఫూకో దాన్ని సమాచార బృందంగా మార్చారు. నా దృష్టిలో అసలు తాత్వికమైన పని ఇదే. విచారణ సంఘమైతే తీర్పు చెప్పే కుర్చీ మళ్లీ చదువుకున్నవాళ్లదే అవుతుంది.

బృందం పంచిన ఆ ప్రశ్నావళిలోవన్నీ రోజువారీ సంగతులే. ములాఖత్ ఎలా జరుగుతోంది, ఉత్తరాలు అందుతున్నాయా, తిండి, వైద్యం, చేసిన పనికి కూలి, లోపల వేసే శిక్షలు. జైలు అధికారులు వీటిని లోపలికి రానివ్వరు కాబట్టి కాగితాలు చాటుగా వెళ్లి, చాటుగానే తిరిగొచ్చాయి. నింపినవాళ్ల పేరు బయటపడితే శిక్ష వాళ్లకే పడుతుంది. అందుకే జవాబులను పేర్లు లేకుండానే అచ్చేశారు. ఆ ఏడాదే వచ్చిన తొలి చిన్న పుస్తకంలో రెండు ప్రశ్నావళులను నింపినవి నింపినట్టే ఇచ్చారు. సారాంశం రాస్తే ఖైదీ మాట పోయి, రాసినవాడి మాట మిగులుతుంది.

మన పౌరహక్కుల సంఘాల నిజనిర్ధారణ కమిటీలు ఎరిగినవాళ్లకు ఈ పద్ధతి కొంత దగ్గరగా అనిపిస్తుంది. తేడా ఒక్కటే: మన దగ్గర నివేదిక రాసేది కమిటీ, ఫూకో బృందంలో చాలామటుకు ఖైదీలే.

చిక్కు కూడా ఉంది. పత్రికలకు కావలసింది ఫూకో పేరు. పేరు లేకపోతే ఎవరూ వినరు, పేరుంటే ఖైదీ వెనక్కి పోతాడు. దీనికి మందు 1971 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లోనే తూల్ అనే ఊరి జైలు తిరుగుబాటప్పుడు దొరికింది. ఆ జైలు మానసిక వైద్యురాలు ఎడిత్ రోజ్, ఖైదీలను రోజుల తరబడి మంచాలకు కట్టేస్తున్నారని బాహాటంగా సాక్ష్యం చెప్పారు. ఫూకో తన విశ్లేషణను కాక ఆమె మాటలనే ముందుకు తెచ్చారు. లోపల పనిచేస్తూ, తేదీతో సహా, కళ్లారా చూసింది చెప్పిన మనిషి ఆమె.

1972 డిసెంబర్‌కల్లా బృందం తనను తాను రద్దు చేసుకుంది. అప్పటికే సెర్జ్ లివ్రోజే వంటి మాజీ ఖైదీలు సొంత సంఘం పెట్టుకుని, సొంత పత్రిక తెస్తున్నారు.