ఈశాన్యంలో బండ

మొదటిసారి సైట్ చూసినప్పుడు మేస్త్రి అన్న మాట, “సార్, బండ కొట్టే బ్రేకర్ పెడితే రెండు రోజుల పని, లెవెల్ చేసేద్దాం.” శామీర్‌పేట వైపు 600 గజాల స్థలం, ఈశాన్య మూలన ఏనుగంత రాతి గుండు, దాని పగుళ్లలో సీతాఫలం మొక్కలు. స్థలం ఒక పెయింటర్ అక్కది. కింద స్టూడియో, పైన ఇల్లు కావాలంది, బండను మాత్రం ముట్టుకోవద్దంది. వాళ్లమ్మగారికేమో ఈశాన్యంలో బరువు అంటేనే టెన్షన్.

డిజైన్ చేసే నేను అక్క వైపే. హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, మనం దాన్ని ఒక్క వారంలో కంకర చేసేస్తున్నాం, జూబ్లీహిల్స్‌లో ఇప్పుడు హిల్స్ ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. రిటైర్డ్ ఐఏఎస్ నరేంద్ర లూథర్ గారు బంజారాహిల్స్‌లో బండను కొట్టించకుండా దాన్ని కలుపుకునే ఇల్లు కట్టుకున్నారు. ఈ రాళ్లను కాపాడాలని 1996 నుంచి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పనిచేస్తోంది. అయినా ప్రతి సైట్‌లో మొదట వచ్చేది బ్రేకరే, అదే నా బాధ.

స్టూడియోకి ఉత్తరం కిటికీ పెట్టమని అందరూ చెప్తారు, ఎండ నేరుగా పడదు, వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుంది, రంగులు మారిపోవు. కానీ ఆ సూత్రం చలిదేశాలకి సరిపోయినంతగా మనకి సరిపోదు. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా హైదరాబాద్‌లో మన నడినెత్తి మీదికి వస్తాడు, అక్కడి నుంచి ఆగస్టు 3 దాకా కొంచెం ఉత్తరంగానే తిరుగుతాడు. అంటే ఆ మూడు నెలలూ పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరం కిటికీలోంచి కాన్వాస్ మీద పడుతుంది. మధ్యాహ్నానికి చిన్న సన్‌షేడ్ చాలు, సాయంత్రానికి కిటికీ పడమటి పక్కన ప్లాన్‌లో నిలువు గోడ పెట్టాం. మరి పొద్దున?

మే చివర్లో పునాదికి ముగ్గు పోశాక పొద్దున్నే ఆరున్నరకి అమ్మగారిని తీసుకెళ్లాం. ఎండ ఈశాన్యం వైపు నుంచే వస్తోంది, గుండు నీడ సరిగ్గా కిటికీ రావాల్సిన చోట పరుచుకుని ఉంది. ఆవిడ చాలాసేపు చూసి, “సరే ఉండనీ బాబూ, పక్కన తులసికోటకి చోటు వదులు” అన్నారు.

ఇంటి భాగం మామూలే, పైన రెండు గదులు, సున్నం గోడలు, తాండూరు బండల ఫ్లోరింగ్.

బండ పగలు తాగిన వేడి రాత్రి దాకా వదులుతూనే ఉంటుంది కాబట్టి గోడకీ దానికీ మధ్య నాలుగడుగులు వదిలాం. అది చాలదని జూన్‌లో మొదటి వాన పడ్డాకే తెలిసింది. బండ మీద పడ్డ నీళ్లన్నీ ఒకే చోట నుంచి ధారగా దిగాయి, తడిసిన గీతను చూపించింది మేస్త్రే. “సార్, పునాది ఇంకో మూడడుగులు జరుపుదాం” అన్నాడు. జరిపాం, ముగ్గు మళ్లీ పోశాం. ఆ ధార కింద కాలువ తవ్వుతున్నాడిప్పుడు, నీళ్లు సీతాఫలం మొక్కల్ని తడుపుకుంటూ ఇంకుడు గుంతలోకి వెళ్లేలా.