ఆర్లింగ్టన్‌లో నార్మన్ స్టూడియో

ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో బంధువుల ఇంట దిగిన నేను, ఒక ఉదయం సెయింట్ జాన్స్ నది మీది మాథ్యూస్ వంతెన దాటి ఆ నగరంలోనిదే అయిన ఆర్లింగ్టన్ పేటకు చేరాను. హాలీవుడ్ ఇంకా తలెత్తని రోజుల్లో జాక్సన్‌విల్ శీతకాలపు సినిమా రాజధాని. 1908 మొదలుకొని న్యూయార్కు కంపెనీలు ఎండను వెతుక్కుంటూ ఇక్కడికి దిగివచ్చేవి. వాటిలో చాలావాటికి నేడు ఆనవాలైనా లేదు. నార్మన్ స్టూడియో భవనాలు మాత్రం నిలిచి ఉన్నాయి. అందులో పెద్దది ఒకప్పటి చుట్టల కర్మాగారం.

ఈ స్టూడియోను నడిపిన రిచర్డ్ నార్మన్ శ్వేతజాతీయుడు. తొలినాళ్ళలో ఆయన ఊరూరా తిరిగి, స్థానికుల చేతనే వేషాలు వేయించి, ముందే తీసిపెట్టుకున్న రైలు ప్రమాద దృశ్యాన్ని నడుమ అతికించి, ఆ ఊళ్ళోనే ప్రదర్శించేవాడు. తమ ముఖం తెరమీద కనబడుతుందంటే డబ్బిచ్చి రాని వాళ్ళెవరు! 1920లలో ఆయన నల్లజాతి నటులతో, నల్లజాతి ప్రేక్షకుల కోసం పూర్తి నిడివి మూకీలు తీశాడు. వాటిలో వారు బంట్లు, విదూషకులు కారు. కౌబాయ్‌లు, డిటెక్టివ్‌లు, విమాన చోదకులు. ఇది ఆదర్శమా, వ్యాపారమా అంటే రెండూనని నాకనిపించింది: వివక్ష వల్ల వేరుపడిన హాళ్ళలో కూర్చునేవారికి కూడా కథానాయకుడు కావాలని ఆయన గ్రహించాడు.

పూర్తిగా మిగిలినది 1926 నాటి ‘ది ఫ్లయింగ్ ఏస్’ ఒక్కటే. అందులో నాయకుడు మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన పైలట్; నిజానికి ఆ యుద్ధంలో అమెరికా సైన్యం నల్లవారిని విమానం ఎక్కనివ్వలేదు. చిత్రంలోని విమానం కూడా నేల విడవలేదు, గగనవిహారమంతా కెమెరా కనికట్టు. నిజంగా ఎగిరిన నల్లజాతి వైమానికురాలు బెస్సీ కోల్మన్ తన జీవితాన్ని తెరకెక్కించమని నార్మన్‌కు ఉత్తరాలు రాసింది. ఆ సినిమా రాలేదు. 1926 ఏప్రిల్ 30న ఇదే ఊళ్ళో విమానంలోంచి పడి ఆమె మరణించింది. ఆ సంగతి తలచుకుంటూ ఆవరణలో చాలాసేపు నిలబడిపోయాను.

టాకీలు రాగానే నార్మన్ గ్రామఫోన్ రికార్డుల వంటి పళ్ళేల మీద ముద్రించిన ధ్వనిని బొమ్మతో కలిపే యంత్రాన్ని నమ్ముకున్నాడు; ధ్వని ఫిల్మ్ మీదికే ఎక్కడంతో అది కొరగాకుండా పోయింది. తరువాత ఆయన భార్య గ్లోరియా ఆ భవనంలోనే పిల్లలకు నాట్యం నేర్పింది. నగరపాలక సంస్థ 2002లో అయిదు భవనాల్లో నాలుగింటిని కొనేదాకా ఈ గోడలు కూలకుండా ఉన్నాయంటే, అందులో ఆ నాట్యశాల పుణ్యం కొంత ఉందని నేననుకుంటాను.