పాత బట్టల షాపుకి రిజిస్ట్రేషన్: నా అనుభవం

నిన్న మా సొసైటీ సర్టిఫికెట్ చేతికొచ్చింది. శ్రీకాకుళంలో రిమ్స్ ఆసుపత్రికి వెళ్లే దారిలో, జీతం లేకుండా ఆడవాళ్లం వంతులేసుకుని నడుపుతున్న పాత బట్టల షాపు మాది.

2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. వాళ్ల ఆధార్‌లు, ఇంటి ఓనరు రాసిచ్చిన కాగితం, బైలాస్ (సొసైటీ నియమాలు) సులువుగానే కుదిరాయి.

నరకం చూపించింది రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒక సీటు, అంటే అక్కడ కూర్చునే ఉద్యోగి. "సేవ అంటారు, చీరకి ఇరవై రూపాయలంటారు. ఇది వ్యాపారం కాదామ్మా?" ఇదే ప్రశ్న ప్రతిసారీ. ఒకరోజు మా కాగితం అందరికీ వినబడేలా చదివి, "పాత గుడ్డలే కదా, స్టీలు సామాన్లవాడికి వేసుకుంటే పోయేది" అన్నాడు. క్యూలో వాళ్లు నవ్వారు. రిటైరైన టీచర్ని, అంతమందిలో తల దించుకుని నిలబడ్డాను. ఆ మాట ఇప్పటికీ మండుతోంది.

ధర ఎందుకో ఆయనకి చెప్పినా వినలేదు. మొదట్లో ఊరికే ఇచ్చాం. మందస నుంచి భర్తని ఆసుపత్రికి తెచ్చిన ఒకావిడ కట్టుబట్టలతో వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "ఊరికే అయితే వద్దమ్మా" అంది. డబ్బులకే అంటే లోపలికొచ్చి, అంచు తిప్పి చూసి, బేరమాడి పదిహేనుకి తీసుకుంది. కొనుక్కునేవాళ్లకి ఏరుకునే హక్కుంటుంది. చేతిలో పైసా లేనివాళ్లని మాత్రం ఏనాడూ డబ్బు అడగలేదు. మెత్తబడిన నూలు చీరలు పొత్తిళ్లకని బాలింతల తల్లులు వెతుక్కుంటూ వస్తారు. అద్దె, కరెంటు పోగా మిగిలింది రోగుల వెంట వచ్చినవాళ్ల భోజనాలకి, తిరుగు బస్సు చార్జీలకి ఇస్తాం. ఊళ్లో ఇలాంటి పని ఎంతమంది చేస్తున్నారో చెప్పమనండి!

చివరికి దారి చూపించింది తెలిసిన ఆడిటర్ గారు. మిగులు సభ్యులు పంచుకోరు, సొసైటీ మూసేస్తే ఆస్తి మరో సొసైటీకే చెందాలి అని బైలాస్‌లో స్పష్టంగా రాయించారు. అంతే, అదే సీటు సంతకం పెట్టింది. ఆ రెండు వాక్యాలు మొదటిరోజే చెప్తే ఏం పోయింది? మీరు వెళ్తే అభ్యంతరం ఏదైనా కాగితం మీద రాసిమ్మనండి. నోటిమాటకి తిరగొద్దు.

జీఎస్టీ టెన్షన్ అక్కర్లేదు. మన రాష్ట్రంలో సరుకు అమ్మకం ఏడాదికి 40 లక్షలు దాటితేనే ఆ రిజిస్ట్రేషన్. 80జీకి, అంటే విరాళం ఇచ్చినవాళ్లకి ఆదాయపు పన్నులో రాయితీ వచ్చే అనుమతికి, ఇంకా అప్లై చెయ్యాలి. అది వచ్చినా డబ్బు విరాళానికే పన్ను రాయితీ, బట్టలకి రాదు. మూట పడేసి రసీదు అడిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. చిరిగినవి, మరకలవి మాత్రం తేవద్దు. అవి ఏరి పారెయ్యడానికే మా సగం పూట పోతోంది. ఇప్పుడు మాకు కావలసింది నూలు చీరలు, లుంగీలు, దుప్పట్లు. ఉతికి, మడతపెట్టి తెండి.