చేతికి వేడిగా తగిలిన ఆకు

సోలాపూర్‌లో మిరజ్ బస్సెక్కి కిటికీ సీటు దొరికిందని మురిసిపోయాను. మంగళ్‌వేఢా రాకముందే పక్కాయనకి ఇచ్చేశాను. మే చివరి ఎండ, అద్దం కదలదు, పరదా లేదు. కవఠే మహాంకాళ్‌లో దిగితే ద్రాక్షతోట దాకా ఆటోకి మూడు వందలట. గీచి గీచి బేరమాడితే యాభై తగ్గింది.

ఆ దారిన పోయేవాళ్లందరికీ ఒకటే అనుమానం: ఇంత బీడులో ద్రాక్ష ఎలా బతుకుతోంది? మ్హైసాళ్ ఎత్తిపోతలు అని ఠక్కున జవాబు చెప్తారు. నిజమే, మన కృష్ణ నీళ్లే పైకి ఎక్కివస్తాయి. కానీ నేను చూసిన తోటకి కాలవ వంతు ఇంకా రాలేదు. బోరు సన్నగా పోస్తోంది. అయినా తొమ్మిదడుగుల సాళ్లలో, వై ఆకారపు ఇనుప కమ్ముల మీద తీగ పచ్చగానే ఉంది. ఉన్న ఆ కాసిని నీళ్లు కూడా రైతు పూర్తిగా ఇవ్వడం లేదని తెలిసినప్పుడు మాత్రం నాకు చిరాకేసింది.

"ఇప్పుడు ఎక్కువ ఇస్తే అక్టోబరులో ఆకులమ్ముకోవాలి భావూ" అన్నారు ఆ తోట రైతు కాకా.

ఈ ప్రాంతంలో ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో పాత రెమ్మలు తీసేస్తే కొత్తవి వస్తాయి, అక్టోబరులో వాటిని మళ్లీ కత్తిరిస్తే పూత వస్తుంది. అసలు కథ ఈ రెంటికీ మధ్యన, ఏప్రిల్ కత్తిరింపయ్యాక సుమారు నలభై నుంచి డెబ్బై రోజుల్లో, కంటికి కనపడకుండా జరుగుతుంది. రెమ్మ కణుపు దగ్గరి ప్రతి కన్నులోనూ, అంటే మొగ్గలోనూ, ఒక చిన్న మొలక ఉంటుంది. అది గుత్తి కావచ్చు, నులితీగా కావచ్చు. పుట్టుకతో రెండూ ఒకటే. కన్నుకి వెలుతురు, తీగలో తగినంత పిండిపదార్థం ఉంటే గుత్తి వైపు మొగ్గుతుంది. నీళ్లు ఎక్కువైతే రెమ్మలు పరుగెత్తి, నీడ కమ్మి, నులితీగైపోతుంది. నీళ్లు మరీ కట్టేసినా ఆకు పని ఆగిపోయి అదే గతి. అందుకే ఈ నెలలో నీళ్లు తగ్గిస్తారు గానీ మానెయ్యరు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పటి అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు గుర్తున్నవాళ్లకి, వాటి కింద మధ్యాహ్నమూ ఉండే చీకటి కూడా గుర్తుండాలి.

ఎంత తగ్గించాలో ఎలా తెలుస్తుంది? పరిశోధన కేంద్రాల్లో తెల్లవారకముందే ఆకు కోసి ప్రెషర్ చాంబర్‌లో పెడతారు. కాడ కొసన నీరు ఊరడానికి 2 బార్ల లోపు ఒత్తిడి సరిపోతే తీగకి దాహం లేనట్టు. 8 బార్లు దాటితే తీవ్రమైన ఎద్దడి. కాకాకి ఉన్న పరికరం అరచెయ్యి. మధ్యాహ్నం రెండింటికి రెండు సాళ్ల మధ్య నిలబెట్టి చెరో ఆకూ పట్టుకోమన్నారు. నిన్న తడిపిన సాలులో ఆకు ఎండలో ఉండి కూడా చల్లగా ఉంది. ఐదు రోజులుగా తడపని సాలులో ఆకు వేడిగా తగిలింది. వేళ్ల చుట్టూ నేల ఆరుతుంటే అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి పత్రరంధ్రాలను మూయిస్తుంది. ఆవిరి పోదు, కాబట్టి ఆకు చల్లబడదు. గాలి లోపలికి రాదు, కాబట్టి ఆహారమూ తయారవదు. రకాన్ని బట్టి ఈ మూత తేడా: గ్రెనాష్ తొందరగా మూసుకుంటుంది, సిరా ఆలస్యం చేస్తుంది.

రెండో గుర్తు రెమ్మ కొస. నులితీగలు కొసను దాటి ముందుకి చాస్తే నీళ్లు చాలినట్టు. అవి వాలి, కొస లేతాకుల్లో దాక్కుంటే ఎదుగుదల ఆగినట్టు. ఈ నెలలో కాకాకి కావలసింది ఆ రెండో స్థితికి కాస్త ఇవతల.

దాన్ని దాటితే అడుగు ఆకులు పసుపెక్కి రాలతాయి. నీటి నాళాల్లో లాగుడు పెరిగి గాలి బుడగలు చేరినప్పుడు నీటి ధార ముందు తెగేది ఆకు కాడల్లో. మానుకు దెబ్బ తగలకముందే ఆకు పోతుంది. ఇంట్లో ఫ్యూజు లాంటిది. అయితే ఆకు అంచులు మాత్రమే గోధుమరంగుకి మాడి, ఆకు కొమ్మనే పట్టుకుని ఉంటే ముందు బోరు నీళ్లలో ఉప్పుని అనుమానించాలి. దాన్ని దాహమనుకుని అదే ఉప్పునీరు ఇంకా పోసేవాళ్లున్నారట.

ఇక నేల కింద. పైన కాపు కాసే థాంప్సన్ సీడ్‌లెస్ రకం, కింద వేళ్లిచ్చే డాగ్‌రిడ్జ్ రూట్‌స్టాక్, అంటే అంటుకి అడుగు మొక్క. జనవరి, ఫిబ్రవరిల్లో రూట్‌స్టాక్ నాటి, ఆగస్టు, సెప్టెంబరుల్లో నేలకి అడుగు ఎత్తున అంటు కడతారు. సొంత వేళ్లమీది తోటలు కరువుకీ ఉప్పుకీ కుంగిపోయాకే ఇది ఇక్కడ పాకింది. పక్క తోటలో కలుపు తీస్తూ మట్టి ఎగదోసి అంటు అతుకుని కప్పేశారు. అతుకు పైనుంచి థాంప్సన్ సొంత వేళ్లు దించింది. ఇక రూట్‌స్టాక్ పెట్టి ఏం లాభం? డాగ్‌రిడ్జ్‌కీ ఒక పొగరుంది: నల్లరేగడిలో నీళ్లు దండిగా దొరికితే ఆకే ఆకు.

డ్రిప్ దగ్గర నాకూ ఒక పాఠం దొరికింది. రోజూ పది నిమిషాలు తడిపితే పొదుపనుకున్నాను. పై జానెడే తడిసి వేళ్లన్నీ అక్కడికే చేరతాయి. రెండు రోజులు కరెంటు పోతే తోట వాడుతుంది. కాకా మానుకి రెండు వైపులా అడుగున్నర దూరంలో డ్రిప్పర్లు పెట్టి, మామూలు రోజుల్లో రోజు విడిచి రోజు ఎక్కువసేపు వదులుతారు. తడిసిన చోటల్లా చెరకు పిప్పి రెండంగుళాల మందాన పరిచారు. దాన్ని పక్కకి నెట్టి వేలు గుచ్చితే మట్టి ఇంకా చల్లగా ఉంది.

సాయంత్రం వేడెక్కిన సాలుకి మాత్రం వాల్వు తిప్పారు. ఈ లెక్క సరిగ్గా కుదిరిందో లేదో సెప్టెంబరులో గాని తెలియదు. అప్పుడు రెమ్మలు కోసి ల్యాబుకి పంపితే, కన్ను చీల్చి మైక్రోస్కోపు కింద చూసి, ఏ కణుపులో గుత్తి ఉందో చెప్తారు. కత్తెర ఎక్కడ పడాలో ఆ కాగితం చూసే నిర్ణయిస్తారు.

తిరుగు ఆటో మళ్లీ మూడు వందలే అన్నాడు. ఈసారి బేరమాడే ఓపిక లేదు.