ఆదివారం, పదకొండు వరుసలు

పొద్దున ఆరున్నరకే ఇసుక జల్లెడ పట్టడం మొదలైంది. ఖమ్మం దగ్గర ఊళ్లో ఇందిరమ్మ ఇల్లు. బయటి కొలత ఇరవైకి ఇరవై, అంటే పథకం అడిగే కనీస 400 చదరపు అడుగులు. బేస్‌మెంట్ పూర్తయింది, నాలుగు విడతల్లో వచ్చే 5 లక్షల్లో మొదటి లక్ష ఇల్లాలి ఖాతాలో పడింది. ఇవాళ్టి నుంచి గోడలు.

ఇద్దరు మేస్త్రీలు, ఎనిమిది మంది వాలంటీర్లు, ఇంటివాళ్లు ముగ్గురు. మేస్త్రీల కూలి ఎలాగూ ఇవ్వాలి. సహాయకుల కూలి మిగిలితే ఆ డబ్బు కిటికీలకో తలుపులకో వస్తుంది. వాలంటీర్లు వచ్చేది అందుకే. తాపీ పట్టుకోవాలని అందరికీ ఉంటుంది గానీ, ఇంటికి ఎక్కువగా కావలసింది జల్లెడ, తట్ట, నీళ్ల పైపు పట్టుకునే చేతులు.

ముందు మూలలు చూశాం. ఇరవై అడుగుల చదరానికి మూల నుంచి మూలకు 28 అడుగుల 3.4 అంగుళాలు రావాలి, రెండు వైపులా సమానంగా రావాలి. ముప్పావు అంగుళం తేడా వచ్చింది. బేస్‌మెంట్ గోడ కన్నా పై గోడ సన్నం కాబట్టి సర్దుకోవడానికి చోటుంది. దారాలు మళ్లీ లాగి, గోడ గీతను ఒక మూల దగ్గర కాస్త లోపలికి జరిపారు. ఇప్పుడు పది నిమిషాల్లో తేలిపోయిన ఈ తేడాను వదిలేస్తే స్లాబ్ పోసేటప్పుడు కింద ఆధారంగా పెట్టే సెంట్రింగ్ పలకలు సరిపోవు, తర్వాత ఫ్లోరింగ్ బండలు గోడ పక్కన ఏటవాలుగా కోయాల్సి వస్తుంది.

ఇటుకలు బూడిదవి, తొమ్మిది, నాలుగు, మూడు అంగుళాల సైజు. పాల్వంచలో థర్మల్ కేంద్రం ఉండడంతో ఈ చుట్టుపక్కల బూడిద ఇటుక తేలిగ్గా దొరుకుతుంది. అయితే లోడు దింపించుకునే ముందే చూడాలి. రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి. ఛాతీ ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే ముక్కలు కాకూడదు. మేకుతో గీస్తే గీత లోతుగా దిగకూడదు. పోయిన వారం వచ్చిన లోడులో అంచులు చేత్తో నలిపితేనే రాలాయి. తయారుచేసిన చోట నీళ్లు సరిగా పట్టకుండానే, రోజులు నిండకముందే లారీ ఎక్కించారు. వెనక్కి పంపించేశాం. అలాంటప్పుడు ‘కట్టేశాక గట్టిపడుతుందిలే’ అనే మాట నమ్మొద్దు. ఎండలో ఆరిపోయాక అది ఇంక గట్టిపడదు.

మట్టి ఇటుకనైతే తొట్టిలో బుడగలు ఆగేదాకా నానబెడతాం. బూడిద ఇటుకకు అంత నీళ్లు వద్దు. పేర్చే ముందు పైపుతో తడిపితే చాలు. మరీ నానితే మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) మీద నిలవకుండా జారుతుంది, పొడిగా పెడితే మాలులో నీళ్లన్నీ పీల్చేసి అతుకును పిండి చేస్తుంది. తాకితే చల్లగా ఉండాలి, పైన నీటి మెరుపు ఉండకూడదు. ఇంటి పెద్దకోడలు పది నిమిషాల్లో ఈ పట్టు పట్టేసింది, రోజంతా తడిపే పని ఆమెదే.

ఇవాళ ఎక్కువసేపు పట్టింది ఇసుక దగ్గరే. తొమ్మిదంగుళాల గోడకు మాలు ఒకటికి ఆరు, అంటే సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు. సిమెంటు బస్తా 50 కిలోలు, కొలతకు సుమారు 1.25 ఘనపుటడుగులు. తట్టలతో లెక్కపెడితే ఒక్కో చేతికి ఒక్కో కొలత వస్తుంది, అందుకని అదే కొలతకు చెక్కపెట్టె చేయించి పెట్టాం. కానీ పెట్టె ఉన్నా తడి ఇసుక మోసం చేస్తుంది. కాస్త తేమ ఉంటే గింజల చుట్టూ నీటిపొర చేరి ఇసుక ఉబ్బుతుంది. చూడ్డం తేలికే. గాజు సీసాలో తడి ఇసుకను వదులుగా 20 సెంటీమీటర్ల దాకా పోశాం. దాన్ని తట్టలోకి తీసి, సీసాలో సగం నీళ్లు పోసి, ఇసుక మళ్లీ కొంచెం కొంచెంగా వేసి కలిపాం. బుడగలన్నీ పోయి కుదురుకున్నాక గీత 16 దగ్గర ఆగింది. అంటే 16 పాళ్ల ఇసుక 20 పాళ్లలా కనిపిస్తోంది, నాలుగో వంతు ఎక్కువ. కాబట్టి ఆరు పెట్టెలకు బదులు ఏడున్నర వేయాలి. లేకపోతే సిమెంటు దండగ, పైగా మాలు బిగువెక్కి ఆరేటప్పుడు సన్న పగుళ్లు వస్తాయి. మేలో ఎండిన ఇసుకకు ఈ లెక్క వర్తించదు, ఆరంటే ఆరే. అందుకే కొత్త కుప్ప దిగినప్పుడల్లా సీసా తీయాలి.

మాలు పొడిగా రెండుసార్లు తిరగేసి, రంగంతా ఒకటయ్యాకే నీళ్లు. ఒక్కసారికి సగం బస్తాకు మించి తడపలేదు. నీళ్లు పడ్డాక గంటలోపు గోడకెక్కాలి. బిర్రెక్కిన మాలులో మళ్లీ నీళ్లు పోసి మెత్తచేయడం చాలా సైట్లలో కనిపిస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, పట్టు మాత్రం చచ్చిపోతుంది.

మూలలు, తలుపు పక్కలు మేస్త్రీలవే. మధ్యలో దారం వెంట పేర్చడానికి వాలంటీర్లను రెండో వరుస నుంచి దింపారు. వరుసల ఎత్తు చూసుకునే చెక్క మీద 85 మిల్లీమీటర్లకు ఒక గీత, అంటే ఇటుక 75, అతుకు 10. గీత దాటితే అక్కడికక్కడే ఆపాలి, పై వరుసలో సర్దుదామంటే కుదరదు. కొత్తవాళ్ల దగ్గర ఎప్పుడూ రెండే తప్పులు. ఒకటి, కింద మాలు పరిచి ఇటుక పెట్టేస్తారు గానీ ఇటుకకూ ఇటుకకూ మధ్య నిలువు సందు నింపరు. బయటి నుంచి తాపీతో పూత పెడితే నిండినట్టే ఉంటుంది, లోపల బోలు. వాన నీళ్లు వచ్చేది ఆ దారిలోనే. పెట్టబోయే ఇటుక చివరకు ముందే మాలు అంటించి నొక్కితే ఆ బాధ ఉండదు. రెండోది, పది నిమిషాల తర్వాత వెనక్కి వచ్చి ‘కొంచెం వంకరగా ఉంది’ అని తాపీ పిడితో కొట్టి సరిచేయడం. అప్పటికే మాలు పట్టు మొదలవుతుంది, కదిలిస్తే అతుకు తెగుతుంది. ‘కొట్టకు తమ్మీ, తీసి కొత్త మాలు పెట్టు’ అని మేస్త్రీ మధ్యాహ్నం లోపు ఎన్నిసార్లు అన్నాడో. గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి మూడు వరుసలకోసారి దారానికి కట్టిన గుండు వేలాడదీశారు. ప్లాస్టరింగ్ ఉంది కాబట్టి మాలు పూర్తిగా గట్టిపడకముందే అతుకులను పది మిల్లీమీటర్ల లోతున గీకాం. ప్లాస్టరు పట్టుకునేది ఆ గాడినే.

చేతి తొడుగులు ఎండకు చిరాగ్గా ఉంటాయి, తీసేయాలనిపిస్తుంది. తీయొద్దు. తడి సిమెంటు చర్మాన్ని మెల్లగా తినేస్తుంది, మంట తెలిసేది సాయంత్రానికి. చెప్పుల్లో మాలు పడితే వెంటనే కాళ్లు కడుక్కోవాలి.

భోజనాల దగ్గర బేస్‌మెంట్ ఎత్తు మాట వచ్చింది. రోడ్డు మీద నుంచి రెండున్నర అడుగులు ఎందుకు, అంత మట్టి నింపడం ఖర్చు కదా అని ఒక కుర్రాడు అడిగాడు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో ఇళ్లు మునిగిన రోజు చూసినవాళ్లకు ఆ ప్రశ్న రాదు. ఖర్చు తగ్గించడానికి చాలా చోట్లున్నాయి, బేస్‌మెంట్ ఎత్తు మాత్రం వాటిలో లేదు. ఖమ్మానికి ఈ రకం పని కొత్త కూడా కాదు. వాలంటీర్లతో పేదలకు ఇళ్లు కట్టే సంస్థ హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ మన దేశంలో 1983లో అడుగుపెట్టింది ఇక్కడే. ఇంటివాళ్లు కూడా తమ ఇంటికి చెమటోడ్చాలన్నది వాళ్ల నియమం. మంచి నియమం. తన చేత్తో తడిపిన గోడను మనిషి ఎండనివ్వడు.

సాయంత్రానికి ఉత్తరం గోడ, తూర్పు గోడ పదకొండేసి వరుసలు లేచాయి, 935 మిల్లీమీటర్లు. వెయ్యి పైచిలుకు ఇటుకలు, నాలుగు బస్తాల సిమెంటు. వెలుతురుంది, కుర్రాళ్లకు ఊపుంది, ఇంకో మూడు వరుసలు వేద్దామన్నారు. మేస్త్రీ ఒప్పుకోలేదు, సరైన పనే చేశాడు. రోజుకు మీటరు దాటిస్తే పై బరువుకు కింద పచ్చి మాలు నలిగి గోడ ఒరుగుతుంది. మూలలో గోడను నిటారుగా ఆపేయకుండా మెట్లు మెట్లుగా వదిలారు, మిగతా రెండు గోడలు వచ్చి దంతాల్లా కలవడానికి.

మిగిలిన సిమెంటు బస్తాలు చెక్కల మీదికి ఎత్తాం, గోడకు అడుగు ఎడంగా, పైన పట్టా కప్పి. నేల మీద పెడితే కింద బస్తా వారంలో గడ్డకడుతుంది.

ఇక నీళ్లు. ఆదివారం పదిమంది వస్తారు, సోమవారం ఒక్కరూ రారు. గోడ చెడిపోయేది ఆ సోమవారమే. ఏడు రోజులు గోడ ఆరకూడదు. ఈ ఎండలకు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు కావాలి. ఇంటివాళ్లు కూలికి పోతారు కాబట్టి మధ్యాహ్నం తడి మనమే పంచుకోవాలి. గోడకు గోనె పట్టాలు వేలాడదీస్తే మధ్యాహ్నం ఒకసారి తప్పినా తేమ నిలుస్తుంది. పక్కింటి అక్క తన బోరు పైపు ఇస్తానంది. ఆరు రోజులకూ పేర్లు రాసుకున్నాం, బుధవారానికి ఎవరూ కుదరక ఇద్దరు సగం సగం పంచుకున్నారు.

పోయే ముందు రెండు గోడల మీదా సుద్దముక్కతో ఇవాళ్టి తేదీ, దాని కింద నీళ్లు ఆపాల్సిన తేదీ రాశాం. పెద్దకోడలు పైపు తెచ్చి మొదటి తడి పెట్టింది, అతుకుల్లో మాలు కొట్టుకుపోకుండా వేలు అడ్డం పెట్టి, జల్లులా.